దస్తగిరి వేసిన అల

మా గిద్దలూరు నుంచి సముద్రం మరీ దూరమేమీ కాదు. ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోతే చాలు, పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అయినా యాభై రెండేళ్ళు వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. మా కేశవులు మామ డెబ్బై ఆరేళ్ళు వచ్చేదాకా చూడలేదు. మా వైపు ఇలాంటివాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. ఈ నాలుగు ముక్కలు వాళ్ళ కోసం రాస్తున్నాను.

కుట్లు విప్పడం

మా అమ్మ తమ్ముడు చెన్నకేశవులు నాటకాల తెరలు వేసేవాడు. మార్కాపురం, కంభం, అర్ధవీడు, పెద్దారవీడు చుట్టుపక్కల ఏ ఊళ్ళో పౌరాణిక నాటకం కట్టినా తెరలు మామవే. రాజసభ, అడవి, కైలాసం, అన్నిటికన్నా పెద్దది సముద్రం తెర. ఇరవై అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల ఎత్తు. అది దిగగానే చెరువు నీళ్ళు, బోరు నీళ్ళు తప్ప ఎరుగని జనం మాటలు ఆపేసేవాళ్ళు. మా అవ్వ ఆ తెరకు దండం పెట్టుకునేది. పొడి రంగుల్ని, తోళ్ళు ఉడికించి తీసే వజ్రం జిగురులో కలిపి పూసేవాళ్ళు. ఆ జిగురుది నానిన తోలు వాసన. చిన్నప్పుడు నాకు సముద్రం అంటే ఆ వాసనే.

ఆ తెరను మామ ఒక్కడే వేయలేదు. కంభం దస్తగిరి ఆయనతో సగం పనివాడు. లారీల మీద బొమ్మలు, పేర్లు రాసేవాడు. మామ ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు చిన్నాయన. మామ అలలన్నీ కంభం చెరువు కట్ట మీద కూర్చుని నేర్చుకున్నవే. గాలికి చెరువు ఎలా కదులుతుందో అలా, వరసగా, ఒద్దికగా. దస్తగిరి మాత్రం తెర నడుమ ఒక పెద్ద అల వేశాడు. అది పైకి లేచి, ముందుకు వంగి, లోపలికి చుట్టుకుపోతుంది. లారీలకు వేసే నూనె రంగుతో వేశాడు. తాను కోస్తాలో కూలికి పోయినప్పుడు సముద్రం చూశానని, అల అట్లనే ఉంటుందని చెప్పాడు.

అర్ధవీడులో మొదటి ఆట. నాటకం కాంట్రాక్టరు ఆ అలను చూసి, నీళ్ళల్లోంచి పాము పడగెత్తినట్లుందని నవ్వాడు. జనం కూడా నవ్వారు. మర్నాడు పొద్దున్నే మామ, దస్తగిరిని అడగకుండా, ఆ అల మీద జిగురు రంగు పూసి చెరువు అలలు వేసేశాడు. దస్తగిరి వచ్చి చూశాడు. తన బ్రష్షులు కడుక్కుని, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. రంగు డబ్బాలకు మూతలు పెడుతూ అక్కడే ఉన్నాను. నలభై ఏళ్ళు అయింది, ఇద్దరికీ మాటల్లేవు.

లారీ రంగు మీద జిగురు రంగు నిలవదు. రెండేళ్ళకోసారి ఆ ఒక్కచోటే పెచ్చులు లేచేవి. మామ మళ్ళీ పూసేవాడు. నాటకాలు ఆగిపోయాక కూడా, ఎవరికీ అక్కర్లేని తెరను దించి, ఆ చోట మాత్రం పూసి మళ్ళీ చుట్టిపెట్టేవాడు.

నేను చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా గిద్దలూరు గ్రంథాలయంలోనే. జాకెట్లు కుట్టే దుకాణం మధ్యాహ్నం మూసి రోజూ గంటన్నర అక్కడ కూర్చుంటాను. సముద్రాల మీద ఉన్న ఒకే ఒక్క పుస్తకాన్ని మూడుసార్లు చదివాను. అల వచ్చేటప్పుడు నీళ్ళు ముందుకు రావని, ఆ ఆకారమే ముందుకు వస్తుందని, ఒడ్డు దగ్గర దాని కాళ్ళు ఇసుకకు తగిలి వెనకబడితే తల ముందుకు పడిపోతుందని అందులో ఉంది. ఇది మామకు ఎప్పుడో చెప్పాను. పుస్తకంలో సముద్రం వేరు, తెర మీద సముద్రం వేరు అన్నాడు.

ఆ గ్రంథాలయంలోనే, పేపర్లో ఒక చిన్న వార్త చూశాను. విశాఖపట్నంలో సముద్రం బొమ్మలు వేసేవాళ్ళు, అలల మీద బోర్డు వేసుకుని నిలబడే సర్ఫింగ్ వాళ్ళు కలిసి ప్రదర్శన పెడుతున్నారని, పాత సముద్రం బొమ్మలు ఎవరి దగ్గరున్నా తెమ్మని. తెర ఫోటో తీసి పంపాను. నూకరాజు అనే ఆయన ఫోను చేసి రమ్మన్నాడు. మామ ఒప్పుకోడనుకున్నాను. అప్పటికి నెల ముందే దస్తగిరి చిన్నాయనకు చక్కెర జబ్బుతో చూపు పోతోందని కబురు వచ్చింది.

"పోదాం పాపా," అన్నాడు మామ. "వాడు చెప్పింది నిజమైతే నేను పోయి చెప్పాల. కాకపోతే వాడు రావాల. ఏందో ఒకటి వాడి కండ్లు ఉండంగానే తేలాల."

పన్నెండడుగుల చుట్ట రైలెక్కదు. మడతపెడితే రంగు విరుగుతుంది. తెర మూడు పట్టీలు కలిపి కుట్టింది కాబట్టి నేను ఆ కుట్లు విప్పేశాను. నాలుగడుగుల పట్టీలు మూడు. వాటిని బోరు పైపు ముక్కకు చుట్టి పాత దుప్పటి కప్పాను. కుట్టింది మా అమ్మ అట. దారం ఇంకా గట్టిగానే ఉంది.

రైల్లో

కంభం స్టేషన్ వచ్చినప్పుడు మామ కిటికీ వైపు కాకుండా ఇటు తిరిగి కూర్చున్నాడు. రైలు కదిలాక, ఆ చుట్ట జారిపోతోందేమో చూడమన్నాడు. అది జారలేదు.

జొన్న రొట్టెలు, శెనక్కాయల పొడి తీశాం. ఎదుటి సీట్లో గుంటూరు మిరపకాయల వ్యాపారి ఒకాయన, మా చుట్టను చాలాసేపు చూసి అందులో ఏముందని అడిగాడు. సముద్రం అన్నాడు మామ. ఆయన నవ్వి, ఎక్కడ దించుతున్నారన్నాడు. వైజాగులో అంటే, అక్కడ ఇప్పటికే ఒకటి ఉంది కదండీ అన్నాడు. మామకు ఆయన నచ్చాడు. రెండు రొట్టెలు పెట్టాడు. వినుకొండ దాటాక పొలాల రంగు మారింది. మా వైపు గట్ల మీద కూడా రాళ్ళుంటాయి, అక్కడ గట్ల మీద కూడా పచ్చ. టికెట్లు చూసేవాడు పైపును తట్టి చూశాడు, దుప్పటి ఒక కొస ఎత్తి నీలం రంగు చూశాడు, పక్క సీటుకు పోయాడు.

మొదటి పొద్దు

విశాఖలో దిగగానే నన్ను తాకింది వాసన. వజ్రం వాసన కాదు. ఉప్పు, చేప, తడి ఇసుక, దాని వెనక ఇంకేదో. ఇన్నేళ్ళ నా సముద్రం వాసన ఆ ఒక్క నిమిషంలో పోయింది. కొంచెం బాధేసింది కూడా.

నూకరాజు ఆటోలో వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎండకు జుట్టు కొసలు రాగి రంగుకు తిరిగాయి. జాలరి పల్లెలో పుట్టినవాడు. వాళ్ళ నాన్న పడవల ముక్కుల మీద కళ్ళు, పేర్లు రాసేవాడట. ఈయన సర్ఫ్ బోర్డుల మీద రాస్తాడు. మామను తాతా అని, నన్ను అక్కా అని పిలిచాడు. వాళ్ళు ప్రతిదానికీ 'ఏటి' అంటారు, మేము 'ఏంది' అంటాం. గంటలోపల అలవాటైపోయింది.

ఆటో నేరుగా ఒడ్డుకే పోయింది. మామ సముద్రం చూసేటప్పుడు ఏమంటాడోనని నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. ఆ పూట సముద్రం మెత్తగా ఉంది. చిన్న చిన్న అలలు వచ్చి ఇసుక మీద ఒదిగిపోతున్నాయి. కాసేపయ్యాక మామ నా వైపు తిరిగాడు.

"మన చెరువు మాదిరే ఉంది గదా," అన్నాడు. గొంతులో గెలిచిన సంతోషం ఉంది. నేను పుస్తకం సంగతి ఎత్తలేదు.

టీ పదిహేను రూపాయలు, మా దగ్గర పది. మురీ మిక్చరు నలభై. మరమరాల్లో ఉల్లిపాయ వేసి, నిమ్మకాయ పిండి ఇస్తారు. మరమరాలు నానబెట్టి చేసే మా ఉగ్గానికి అది చెల్లెలు, కాకపోతే నానబెట్టని చెల్లెలు. మామ దాన్ని తింటూ, కట్టుడు పళ్ళకు ఉగ్గానే మేలని తేల్చాడు.

జాలరి పల్లె

నూకరాజు తల్లి పోలమ్మ మాకు అన్నం పెట్టింది. నెత్తళ్ళ పులుసు. కంభం చెరువు చేప తప్ప ఎరుగని మామ రెండోసారి పెట్టించుకున్నాడు. ముల్లు తియ్యకుండా నమలమని ఆమె నేర్పింది. మా శెనక్కాయల పొడి ఆమెకు నచ్చి, మిగిలిందంతా డబ్బాలో పోసుకుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో బోర్డులు నిలబెట్టి ఉన్నాయి. మనిషి కన్నా పొడుగు, పొట్టలో కొంచెం వెడల్పు. మార్కాపురం పలకలు చూసి పెరిగిన నాకు, అవి ఏ రాక్షసుల బడికో చేసిన పలకల్లా కనిపించాయి. మార్కాపురం పలక రాయి కూడా ఒకప్పుడు సముద్రం అడుగు బురదేనని చదివాను. ఆ మాట చెప్తే నూకరాజు ఆశ్చర్యపోయి, ఒక రాయి పంపమన్నాడు.

బోర్డు పైభాగం ఖాళీగా ఉంచుతారు. కాలు జారకుండా దాని మీద మైనం రుద్దుతారు. బొమ్మలన్నీ అడుగునే. ఒకదాని అడుగున రొయ్యల వల, ఒకదాని మీద వాళ్ళ గ్రామదేవత కళ్ళు, ఒకదాని మీద పోలమ్మ చీర అంచు. నీళ్ళలో ఉండే వైపు వేస్తే ఎవరు చూస్తారని మామ అడిగాడు.

"పడిపోయినప్పుడు కనిపిస్తాది తాతా," అన్నాడు నూకరాజు. "అల విసిరేసినప్పుడు బోర్డు తిరగబడతాది గదా, ఒడ్డునున్నోలకి అప్పుడే తెలుస్తాది కింద ఏటి రాసేనో. బాగా నిల్చునేవోడి బోర్డుకి నేను రాసినా ఒకటే, రాయకపోనా ఒకటే."

మామ చాలాసేపు నవ్వాడు. తన పని కూడా అంతేనట. నాటకం బాగుంటే తెరను ఎవరూ చూడరు, పద్యం తప్పినప్పుడే జనం కళ్ళు తెర మీదికి పోతాయి. ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ రంగుల సంగతే మాట్లాడుకున్నారు. నూకరాజు చిన్నప్పుడు బోర్డుల్లేవు. విరిగిన తెప్ప దుంగ మీద బోర్లా పడుకుని అలతో ఒడ్డుకు జారేవాళ్ళట. తర్వాత ఎవరో బోర్డు తెచ్చి చూపిస్తే, ఇది మా ఆటే కదా అనుకున్నాడట.

నిలబడే చోటు

మర్నాడు ప్రదర్శన హాల్లో నేల మీద పట్టీలు పరిచి, సూది తీసుకుని నేను మళ్ళీ కుట్టాను. చుట్టూ మిగతావాళ్ళ బొమ్మలు. ఒకమ్మాయి ఒడ్డున నురగ ఆరిన గీతలనే కాగితం మీద అచ్చు తీస్తుంది, ఇంకేమీ వేయదు. ఒక కుమ్మరి పెద్దాయన అలలు తాకిన ఇసుక గాట్లను కూజాల మీద దించాడు. అందరూ పొద్దున నీళ్ళలోకి దిగి, తల తుడుచుకుంటూ వచ్చి పని మొదలుపెట్టేవాళ్ళే.

తెర లేపి కట్టాక నూకరాజు దూరంగా నిలబడి చూశాడు. సర్ఫింగ్ వాళ్ళు సముద్రం బొమ్మను చూసే తీరు వేరు. బాగుందా లేదా అని చూడరు. ఎక్కడ నిలబడవచ్చో వెతుకుతారు.

"శానా బాగుంది తాతా," అన్నాడు. "గానీ ఇన్ని అలల్లో ఎక్కడా నిల్చోడానికి సోటు లేదు."

అని దగ్గరికి వచ్చాడు. రైలు కుదుపులకో, ఆ గాలి తడికో, నడుమ పట్టీలో పొడుగాటి పెచ్చు లేచింది. దాని కింద ముదురు ఆకుపచ్చ, మెరుస్తూ. నూకరాజు గోరు తగలకుండా వేలితో ఆ గీతను గాలిలోనే పోల్చుకుంటూ పోయాడు. పైకి, ముందుకు, లోపలికి.

"కింద ఇంకో అల ఉంది. దీని మీద నిల్చోవచ్చు. ఎవలు రాసేరు? ఆయన సముద్రం బాగా ఎరిగినోడు."

మామ చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

నేను వెనకే వెళ్ళాను. రాత్రంతా గాలి వీచిందేమో, నిన్నటి సముద్రం కాదది. దూరాన ఒక నల్లటి గీత లేచింది. అది దగ్గరకు వచ్చేకొద్దీ ఎత్తయింది. ఎత్తయి, ఆకుపచ్చగా పలచబడి, తల ముందుకు వంచి, తనలోకి తాను చుట్టుకుంది. ఆ చుట్ట పక్కనే ఒకమ్మాయి బోర్డు మీద మోకాళ్ళు వంచి జారుకుంటూ వచ్చింది. పడగ కాదు, పాము కాదు. నలభై ఏళ్ళ కిందట తెర మీద నేను చూసిందే.

మామ ఇసుకలో కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. ఒక్కో అల వచ్చి చుట్టుకున్నప్పుడల్లా ఆయన కుడిచేయి మోకాలి మీద కొంచెం తిరిగేది. నేను కొబ్బరి బోండం కొనిచ్చాను, అరవై రూపాయలు. సగం తాగి పక్కన పెట్టాడు.

"నవ్వింది కాంట్రాక్టరు," అన్నాడు చివరికి. "పూసింది నేను."

హాల్లోకి వచ్చి ఒక బకెట్టు మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ అడిగాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, నడుమ పట్టీ మీద అద్దడం మొదలుపెట్టాడు. జిగురు రంగు కరిగి ఆయన మోచేతుల మీదుగా నీలంగా కారింది. ఇరవై సార్లు ఆయనే పూసిన పొరలు. కింది లారీ రంగుకు ఏమీ కాలేదు. పగుళ్ళున్నాయి అంతే. నానిన తోలు వాసన హాలంతా నిండింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

సాయంత్రానికి దస్తగిరి అల మొత్తం బయటపడింది. మామ తెర కింద పెట్టిన పేరు చీటీ తెప్పించి, తన పేరుకు పైన దస్తగిరి, కంభం అని రాయించాడు. మరుసటి రోజంతా తెర ముందు సందడే. సర్ఫింగ్ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నేల మీద బోర్డు పెట్టి, ఆ అల ముందు మోకాళ్ళు వంచి నిలబడి ఫోటోలు దిగారు. తెరను కొంటామని కూడా అడిగారు. ఇది ఒకడి సొత్తు కాదు, రెండోవాణ్ణి అడగాలన్నాడు మామ. అప్పుడు అడగకపోయినందుకు ఇప్పుడైనా అడగాలన్నాడు.

మళ్ళీ కుట్లు విప్పాను.

కంభం

తిరుగు ప్రయాణంలో గిద్దలూరుకు టికెట్టు ఉండగానే కంభంలో దిగిపోయాం. ఎండ బాగా ఎక్కింది. దస్తగిరి చిన్నాయన ఇల్లు మామకు గుర్తులేదు, లేక గుర్తు లేనట్లు నడిచాడు. రెండుసార్లు అడిగి కనుక్కున్నాను.

ఆయన వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎవరో వచ్చారని తెలిసింది గానీ ఎవరో ఆనలేదు. కోడలు కుర్చీ వేసింది. మామ కూర్చోలేదు.

"బావా," అన్నాడు. "అల ముడుచుకుంటది."

చిన్నాయన తల ఎత్తాడు. గొంతు గుర్తుపట్టాడని తెలుస్తోంది. కోడలు టీ తెచ్చి ఇచ్చింది.

"నువ్వు చూసినావా?" అన్నాడు చిన్నాయన.

"మూడు దినాలు చూసినా. నువ్వు వేసినట్లే. నీళ్ళు పెట్టి నా రంగంతా తుడిచేసినా. నిన్ను అడక్కుండా పూసింది తప్పు."

చిన్నాయన గ్లాసును మంచం కోడు పక్కన తడుముకుని పెట్టాడు. "నేను చూడలా బావా," అన్నాడు.

మామకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"కూలికని బయలుదేరినా గానీ వినుకొండలోనే జరమొచ్చి మళ్ళుకున్నా. సముద్రం మొహం నేనెరగను. మార్కాపురంలో పలకల చట్రాలు చేసేకాడ రంగులేస్తాంటి గదా, చిత్రిక పడ్తాంటే చెక్క పొట్టు లేచి చుట్ట చుట్టుకుంటది చూడు, అది చూసి వేసినా. నీళ్ళు కూడా అట్లనే లేస్తాయేమోలే అనుకున్నా. చూసినానని చెప్పకపోతే నా మాట ఎవరు వింటారు? చెప్పినా వినకపోతిరి."

మామ అప్పుడు కూర్చున్నాడు, కుర్చీలో కాదు, మంచం మీద, ఆయన పక్కన. సముద్రం చూడని ఇద్దరు, దాని అల ఎట్లుంటుందోనని నలభై ఏళ్ళు మాటలు మానుకున్నారు. నాకు నవ్వొచ్చింది, దాన్ని ఆపుకోవడానికి దుప్పటి విప్పి నడుమ పట్టీని వసారాలో పరిచాను.

"నిజంగానే ముడుచుకుంటదా?" అన్నాడు చిన్నాయన. "యాడిదాకా?"

మామ ఆయన చెయ్యి తీసుకుని, తన అరచేయి దాని మీద పెట్టి, పైకి లేపి, ముందుకు వంచి, వేళ్ళు లోపలికి ముడిచి చూపించాడు. ఒకసారి కాదు. తర్వాత ఇద్దరూ నేల మీదికి దిగారు. చిన్నాయన పట్టీ మీద వేళ్ళు పెట్టి, పగుళ్ళ వెంబడి అల వీపును తడుముతూ కొస దాకా పోయాడు. అక్కడ ఆగి, ఈడ తెలుపు ఎక్కువైందేమోనని అప్పుడే అనుకున్నానన్నాడు.

ఎక్కువ కాలేదు, చాలలేదు అన్నాడు మామ. అల చుట్టుకునేచోట నురగ ఇంకా దట్టంగా ఉంటుందన్నాడు. ఉండదు, అంత తెలుపు పెడితే పత్తి మాదిరి అయిపోతుందన్నాడు చిన్నాయన.

"చూసినోణ్ణి నేను," అన్నాడు మామ.

"చూస్తే సరా? వేసింది నేను," అన్నాడు చిన్నాయన, చూపు ఆనని కళ్ళతో ఆ చివరనే చూస్తూ. "పాపా, లోపల బీరువా మీద నా బ్రష్షుల సంచి ఉంటది, తీసుకురా తల్లీ."

గిద్దలూరు బస్సు పోయింది. తర్వాతి బస్సు కూడా పోయింది. రెండు పట్టీలు ఇప్పుడు నా దుకాణంలో ఉన్నాయి, నడుమది కంభంలో ఉంది. తెలుపు ఎంత ఉండాలో ఇంకా తేలలేదు. తేలేదాకా నన్ను కుట్లు వెయ్యవద్దన్నారు.